మిద్దె మీద నాచు గులాబీ: నెల్లూరు ఎండలో, నెల్లూరు వానలో – నా అనుభవం

నెల్లూరు ఎండకు చచ్చిన నాచు గులాబీని నేను ఇంతవరకు చూడలేదు. పోయినవన్నీ నీళ్లెక్కువై పోయినవే. మే నెలలో మిద్దె మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేని వేళ కూడా ఈ మొక్క పూలు విప్పుకునే ఉంటుంది. అదే మొక్క కార్తీకంలో మూడు రోజులు ముసురు పట్టిందంటే, నాలుగో రోజుకు మొదలు జావలా కారిపోతుంది. కుండీ నింపడం, నీళ్లు పోయడం, కత్తిరించడం, వానల ముందు దాచుకోవడం అన్నీ ఈ ఒక్క లెక్క మీదే నడవాలి. నేను చేసేది చేసినట్టు, కొలతలతో రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. నర్సరీలో ‘టేబుల్ రోజ్’ అంటేనే వెంటనే చూపిస్తారు. నాచుపూలు, గడ్డి గులాబీ అనే మాటలూ ఉన్నాయి. తమిళం కలిసిన ఇళ్లలో పదిగంటల పువ్వు అంటారు. శాస్త్రీయంగా పోర్చులాకా గ్రాండిఫ్లోరా. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్. 1829లో హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త దీనికి ఆ పేరు పెట్టాడు. మనం పప్పులో వేసుకునే గంగపాయలాకు దీనికి దగ్గరి చుట్టం, అదీ పోర్చులాకానే. జానెడు ఎత్తుకు మించదు, పక్కలకు పాకుతుంది. ఆకు సన్నగా, గుండ్రంగా, చిన్న పురికొసలా ఉంటే నాచు గులాబీ. ఆకు బల్లపరుపుగా, చిన్న గరిటెలా ఉండి పువ్వు ఒంటిరెక్కదైతే అది పక్క జాతి. అమ్మేవాళ్లు రెండింటినీ పోర్చులకా అనే అంటారు. పెంపకంలో పెద్ద తేడా లేదు కాబట్టి కింద రాసేది దానికీ పనికొస్తుంది.

కుండీ లోతు ఆరేడు అంగుళాలుంటే చాలు. వేళ్లు నాలుగైదు అంగుళాలకు మించి దిగవు. అడుగున మిగిలిన మట్టి తడి పట్టుకుని కూర్చుంటుంది, అంతే. అడుగున్నర లోతు గ్రోబ్యాగులో నాలుగు నాచు గులాబీ కొమ్మలు గుచ్చి, “రోజూ నీళ్లు పోస్తున్నా వాడిపోతోందండీ” అనేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ వాడడం దాహం వల్ల కాదు, కింద వేరు కుళ్లడం వల్ల. నాకు నచ్చినవి రెండు. తొమ్మిది అంగుళాల వెడల్పు మట్టి కుండీ ఒకటి, చేపల మార్కెట్లో పారేసే థర్మాకోల్ ఐసు పెట్టె రెండోది. మట్టి కుండీ పక్కల నుంచి గాలి పీలుస్తుంది కాబట్టి త్వరగా ఆరుతుంది. థర్మాకోల్ పెట్టెకు మిద్దె వేడి లోపలికి పాకదు, బరువుండదు, డబ్బు ఖర్చు లేదు. అయితే ఆ పెట్టెలో ఉప్పు, చేప నీసు ఉంటాయి. నిండా నీళ్లు పోసి ఒక పూట ఉంచి పారబోయడం మూడుసార్లు చెయ్యాలి. తర్వాత స్క్రూడ్రైవరుతో అడుగున ఎనిమిది బెజ్జాలు వెయ్యాలి, ఒక్కోటి బొటనవేలి మందం. అడుగుకు అరంగుళం పైన నాలుగు పక్కలా ఒక్కొక్క బెజ్జం కూడా వెయ్యాలి. ఈ పక్క బెజ్జాలు మరచిపోవద్దు. పెట్టె నేలకు అతుక్కుని అడుగు బెజ్జాలు మూసుకుపోతే నీళ్లు పోయే దారి అదే.

ఏ కుండీ అయినా మిద్దె మీద నేరుగా పెట్టను. రెండు ఇటుకలు వేసి దాని మీద పెడతాను. ఎండాకాలం స్లాబు వేడి వేళ్లకు తగలదు, వానాకాలం కింద నీళ్లు నిలవవు. రెండు రకాల చావుకూ ఒకటే మందు.

మట్టి మిశ్రమం అన్నిటికన్నా ముఖ్యం. కొలతకు ఒకే డబ్బా పెట్టుకోండి, ఏ డబ్బా అయినా సరే. నాలుగు డబ్బాల ముతక ఇసుక, మూడు డబ్బాల ఎర్రమట్టి, రెండు డబ్బాల మాగిన దిబ్బెరువు, ఒక డబ్బా సగం కాలిన ఊక. ఈ పది డబ్బాలకు రెండు గుప్పిళ్ల వేపపిండి. ఇసుక పెన్నదైతే మేలు. తెచ్చింది తెచ్చినట్టు వెయ్యకూడదు. గోడ పూతకు ఇసుక జల్లించే సన్న జల్లెడలో పోసి, కిందికి రాలిన సన్నదాన్ని పక్కన పెట్టి, జల్లెడలో మిగిలిన గరుకు రేణువులనే తీసుకోవాలి. తాపీమేస్త్రీకి పనికిరానిదే మనకు కావాల్సింది. సన్న ఇసుక ఎర్రమట్టితో కలిస్తే నెల తిరిగేసరికి గచ్చులా బిగుస్తుంది. మైపాడు, కొత్తకోడూరు వెళ్లినప్పుడు సముద్రపు ఇసుక సంచిలో వేసుకొచ్చే అలవాటు కొందరికి ఉంది. వద్దు, అందులో ఉప్పుంటుంది. రొయ్యల గుంటల మట్టీ వద్దు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి ఉన్నవాళ్లు ఎర్రమట్టి దొరక్కపోతే రేగడిని ఒక్క డబ్బాకు తగ్గించి, ఇసుకను ఆరు డబ్బాలకు పెంచుకోండి. రేగడి తడిస్తే జిగురు, ఎండితే బీట, రెండూ ఈ వేరుకు పడవు.

ఊక గురించి ఒక మాట. బియ్యం మిల్లుల బాయిలర్ దగ్గర రెండు రకాలు దొరుకుతాయి. తెల్లగా, బూడిదరంగులో పొడిలా ఉండేది పూర్తిగా కాలింది. నల్లగా, ఊక ఆకారం చెడకుండా ఉండేది సగం కాలింది. మనకు నల్లదే కావాలి. అది మట్టిని గుల్లగా ఉంచుతుంది. తెల్ల బూడిద ఎక్కువ వేస్తే మట్టిలో క్షారం పెరుగుతుంది, పైగా తడిస్తే అడుసులా పట్టేస్తుంది. కోకోపీట్ నేను వాడను. మల్లెకో టమాటాకో మంచిదేమో గాని, దీనికి అంత తడి దాచిపెట్టే వస్తువుతో పనిలేదు.

కలిపిన మట్టి సరిగా ఉందో లేదో చూసుకోవడానికి రెండు పరీక్షలు. పిడికెడు తడిపి గట్టిగా పిసికి, వేలితో పొడవాలి. ముద్ద విడిపోవాలి. విడిపోకుండా గుంట పడిందంటే ఇంకో డబ్బా ఇసుక కావాలి. రెండోది, కుండీ నింపాక ఒకసారి బాగా తడిపి, తర్వాత లీటరు నీళ్లు ఒక్కసారిగా పొయ్యండి. పైన నీళ్లు నిలిచి, ఇంకడానికి అరనిమిషం దాటితే ఆ కుండీ వానాకాలం దాటదు. బెజ్జం మీద కుండ పెంకు ఒకటి బోర్లించి నింపితే మట్టి జారిపోదు. కింద రెండంగుళాల కంకర పరచమని చెప్తుంటారు, దానివల్ల మట్టి లోతు తగ్గడం తప్ప నాకు లాభం కనిపించలేదు.

కొమ్మలు నాటడం ఈ మొక్కలో చాలా తేలిక, అందుకే అందులోనే అజాగ్రత్త ఎక్కువ. జనవరి చివరి నుంచి మార్చి దాకా మంచి అదను. పువ్వు, మొగ్గ లేని చివర్లు మూడు నాలుగు అంగుళాల పొడవున గోటితో తుంచాలి. మొగ్గ ఉంటే గిల్లెయ్యాలి, లేకపోతే వేరు పెట్టాల్సిన సత్తువ పువ్వుకు పోతుంది. కింది అంగుళం మేర ఆకులు తీసెయ్యాలి. ఆకులతోనే గుచ్చితే మట్టిలో ఉన్న ఆకు ముందు కుళ్లి, తర్వాత కాడను కుళ్లిస్తుంది. తుంచిన కొమ్మల్ని నీడలో కాగితం మీద ఒక పూట ఆరనివ్వాలి. చివర తడి ఆరి పొరలాగా కడుతుంది. ఇలా ఆరిన కొమ్మ ముడతలు పడి, పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కంగారుపడి నీళ్లలో వెయ్యొద్దు. ఊరి నుంచి వార్తాపత్రికలో చుట్టి తెచ్చిన కొమ్మలు మూడు నాలుగు రోజుల తర్వాత నాటినా తేరుకున్నాయి. ప్లాస్టిక్ కవర్లో కట్టి తెచ్చినవే చెమట పట్టి కుళ్లాయి.

తొమ్మిదంగుళాల కుండీకి ఏడెనిమిది కొమ్మలు, రెండేసి అంగుళాల ఎడంలో. పెన్సిలుతో గుంట చేసి, అంగుళం లోతు దించి, చుట్టూ వేలితో నొక్కాలి. మట్టి అంతకుముందే కాస్త తేమగా ఉంటే నాటిన రోజు నీళ్లు అక్కర్లేదు. మర్నాడు చిన్న గ్లాసుడు చుట్టూ తిప్పి పోస్తే సరి. తర్వాత పైన అంగుళం ఆరేదాకా మళ్లీ పొయ్యకూడదు. మొదటి నాలుగు రోజులు ఉదయపు ఎండ మాత్రమే తగిలేచోట, ఆ తర్వాత నేరుగా ఎండలోకి. ఎనిమిది పది రోజులకు కొమ్మను మెల్లగా పైకి లాగితే ఎదురు లాగినట్టు బిగువు తెలుస్తుంది. అంటే వేరు పట్టింది. మూడోవారంలో ప్రతి కొమ్మ చివరా అరంగుళం గిల్లెయ్యాలి, పక్క పిలకలు వస్తాయి. గిల్లడానికి మనసు రాక వదిలేస్తే ఒక్కొక్క పువ్వుతో పొడుగ్గా వేలాడుతుంది. గిల్లినదానికి నెలన్నరలో కుండీ కనపడకుండా పూస్తుంది.

విత్తనంతో కూడా పెంచవచ్చు, కానీ ఓపిక కావాలి. గింజ ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు, ఉక్కురంగులో మెరుస్తుంటుంది. చిటికెడు గింజల్ని గుప్పెడు సన్న పొడి ఇసుకలో కలిపి (జల్లించి పక్కన పెట్టిన ఇసుక ఇక్కడ పనికొస్తుంది) తడిపిన మట్టి మీద చల్లాలి. పైన మట్టి కప్పకూడదు, మొలవడానికి వెలుతురు తగలాలి. పైనుంచి నీళ్లు పోస్తే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి. ట్రేను అంగుళం నీళ్లలో కూర్చోబెట్టి, పైన తడి కనిపించగానే తీసెయ్యాలి. వారం పదిరోజుల్లో ఎర్రటి దారప్పోగుల్లా మొలకలు వస్తాయి. గుబురుగా ఉండి తడి ఆరకపోతే నారుకుళ్లు వచ్చి ఒక్క రాత్రిలో పడిపోతాయి. నాలుగైదు ఆకులు వచ్చాక విడదీసి నాటితే, విత్తిన రెండు నెలలకు పూలు. ముద్దపూల మొక్కలు గింజ తక్కువ కడతాయి, కట్టినా తల్లి రంగు రాకపోవచ్చు. అందుకే నచ్చిన రంగు నిలబెట్టుకోవాలంటే కొమ్మే నమ్మకం. ఒక్కోసారి గులాబీరంగు మొక్కలో ఒక కొమ్మ మాత్రం చారల పూలు పూస్తుంది. ఆ కొమ్మనే విడిగా నాటుకోండి. రంగు పేర్లు గుర్తుపెట్టుకోవడానికి గుచ్చే ప్లాస్టిక్ పట్టీలు ఒక్క ఎండాకాలానికి పెళుసెక్కి విరుగుతాయి. నేను పగిలిన మార్కాపురం పలక ముక్కల మీద మేకుతో గీసి గుచ్చుతాను. బలపంతో రాస్తే వానకు పోతుంది, మేకుగీత పోదు.

నీళ్ల సంగతి. రోజుకు ఒకసారి, రెండు రోజులకొకసారి అనే లెక్కలు ఈ మొక్క దగ్గర పనిచెయ్యవు. ఆకును చూడాలి. నీళ్లు చాలినంత ఉన్నప్పుడు ఆకు ఉబ్బి, నిగనిగలాడుతూ, కాడకు దూరంగా విచ్చుకుని ఉంటుంది. దాహం మొదలైతే ఆకులు కాడవైపు పైకి ముడుచుకుంటాయి, వేళ్ల మధ్య నలిపితే మెత్తగా తగులుతాయి. ఆ స్థితిలో పోస్తే సాయంత్రానికి లేస్తుంది. ఇక్కడే ఒక మోసం ఉంది. వేరు కుళ్లినా ఆకులు ఇలాగే మెత్తబడతాయి. తేడా తెలియాలంటే మట్టిలో రెండంగుళాలు వేలు పెట్టాలి. మట్టి పొడిగా ఉండి ఆకు మెత్తబడితే దాహం. మట్టి తడిగా ఉండి ఆకు మెత్తబడితే కుళ్లు. రెండోదానికి నీళ్లు పోశారంటే మీ చేత్తో మీరు చంపినట్టే. ఫిబ్రవరి, మార్చిలో నాకు మూడు రోజులకోసారి సరిపోతుంది. ఏప్రిల్ నుంచి రెండు రోజులకోసారి. పడమటి వడగాలి తిరిగాక, రోహిణి కార్తెలో, చిన్న కుండీలకు రోజూ ఉదయం ఏడులోపు అరలీటరు. పోసిన నీళ్లు కింద బెజ్జం నుంచి కారేదాకా పోసి ఆపాలి. కొద్దికొద్దిగా రోజుకు రెండుసార్లు చిలకరిస్తే పైవేళ్లే బతుకుతాయి, కిందివి ఎండిపోతాయి. పళ్లెం మాత్రం కుండీ కింద ఎప్పుడూ పెట్టను.

ఎండాకాలం మధ్యాహ్నం పైపు తిప్పి నేరుగా మొక్కకు పట్టొద్దు. మిద్దె మీద పరిచిన పైపులో నిలిచిన నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. చల్లటి నీళ్లు వచ్చేదాకా ముందు కిందికి వదిలెయ్యాలి. తీరప్రాంతపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువగా ఉన్నచోట రెండు మూడు నెలలకు మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. నాచు గులాబీ ఉప్పును కొంత ఓర్చుకుంటుంది గాని ఎదుగుదల ఆగిపోతుంది. నెలకోసారి కుండీ పట్టేదానికి రెండింతల నీళ్లు నిదానంగా పోసి ఉప్పు కడిగి పంపాలి. దీనికి ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి ఉంచుకుంటే మంచివి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్లను మొక్కలకు పోస్తుంటారు. అందులో ఉప్పు మామూలు నీళ్లకన్నా ఎక్కువ. అవి ఇల్లు కడగడానికి వాడుకోండి.

ఇంత ఎండను ఎలా తట్టుకుంటుందంటే, ఆకులో, కాడలో నీళ్లు దాచుకోవడం ఒక్కటే కాదు. చాలా మొక్కలు పగలే ఆకు రంధ్రాలు తెరిచి గాలి తీసుకుంటాయి. ఆ తెరిచిన దారిలోనే నీళ్లూ ఆవిరవుతాయి. పోర్చులాకాలు మామూలు రోజుల్లో మొక్కజొన్న, చెరకుల్లాగా తక్కువ నీటి ఖర్చుతో ఆహారం తయారు చేసుకుంటాయి. నీళ్లు బాగా కరువైనప్పుడు జెముడు మొక్కల్లాగా రాత్రిపూట కూడా బొగ్గుపులుసు వాయువు పట్టి దాచుకుంటాయి. అందుకే రెండు రోజులు మరచిపోయినా బతికి ఉంటుంది. ఎండ మాత్రం ఆరు గంటలు తగ్గకూడదు. వరండాలో, బాల్కనీలో రెండు గంటల ఎండతో ఆకు పచ్చగానే ఉంటుంది, కాడలు పొడవవుతాయి, పువ్వు రాదు. ఎరువు తక్కువైందేమో అనుకుని వేస్తారు, ఇంకా పొడవవుతుంది.

ఎరువు అసలు తక్కువే కావాలి. కుండీకి రెండు నెలలకోసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు. పూలు తగ్గినట్టనిపిస్తే నెలకోసారి లీటరు నీళ్లకు గ్రాము చొప్పున 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఎరువు. యూరియా జోలికి పోవద్దు. నత్రజని ఎక్కువైన కాడ నీరుపట్టి, వేలితో తాకితే విరిగేంత లేతగా ఉంటుంది. పిండినల్లికి అలాంటిదే ఇష్టం. అరటితొక్కల నీళ్లు పోస్తే గంపలకొద్దీ పూస్తుందన్న మాట ఎక్కడ చూసినా వినిపిస్తుంది. పోసిన కుండీకీ పొయ్యని కుండీకీ తేడా నాకైతే కనపడలేదు, చీమలు మాత్రం వచ్చాయి.

పువ్వు ఆయుష్షు ఒక్క పూట. ఎనిమిది తొమ్మిదికి విప్పుకుని, మామూలు రోజుల్లో రెండు మూడింటికి ముడుచుకుంటుంది. మంచి ఎండల్లో పన్నెండుకే ముగుస్తుంది. మబ్బు పడితే మొగ్గ మొగ్గగానే ఉండిపోతుంది. ముడుచుకున్న రెక్కలు జిగురులాగా కరిగి ఆకులకు అంటుకుంటాయి. ఉక్కపోత రోజుల్లో అక్కడే బూజు మొదలవుతుంది కాబట్టి, గింజ అక్కర్లేని పూలను సాయంత్రం దులిపెయ్యాలి. పది గంటలప్పుడు ఒంటిరెక్క పువ్వు ఒకటి చూసుకుని, సన్నటి చీపురుపుల్లతో మధ్యలోని పుప్పొడి తీగలను ఒక పక్కనుంచి మెల్లగా తాకండి. ఒకటి రెండు క్షణాల్లో ఆ తీగలన్నీ పుల్ల తాకినవైపుకే వంగుతాయి. తేనెటీగ వాలినప్పుడు జరిగేదీ ఇదే, పుప్పొడి దాని ఒంటికి రాసుకుంటుంది. ముద్దపూలలో రెక్కలే ఎక్కువ కాబట్టి ఇది అంతగా కనపడదు. ఆ రంగులు కూడా మందారం రంగుల కుటుంబం కాదు. బీట్‌రూటులో, ఎర్ర తోటకూరలో, కాగితపు పూలలో ఉండే బీటలెయిన్లు అనే రంగు పదార్థాలవి.

గింజ కావాలంటే నాలుగైదు పూలను మొక్క మీదే వదలాలి. కాయ మిరియం గింజంత ఉంటుంది. పచ్చగా ఉన్నప్పుడు కోస్తే లోపల తెల్ల గింజలు, పనికిరావు. కాయ గడ్డిరంగుకు తిరిగి, నడుమ చుట్టూ గీత పడి, పైభాగం చిన్న మూతలా ఊడివచ్చేటట్టు ఉన్నప్పుడు కింద తెల్లకాగితం పట్టుకుని గోటితో తడితే మూత ఎగిరి గింజలు రాలతాయి. ఒక్క రోజు ఆలస్యమైతే గాలే తట్టేస్తుంది. నీడలో రెండు రోజులు ఆరబెట్టి, కాగితం పొట్లం కట్టి, స్టీలు డబ్బాలో పెట్టాలి.

ఆరేడు వారాలకోసారి కత్తిరింపు తప్పదు. కాడలు కుండీ అంచు దాటి, మధ్యలో బోసిగా, చివర్లలోనే పూలుంటే సమయం వచ్చినట్టు. మట్టికి మూడంగుళాల పైన కోసెయ్యాలి. ప్రతి కాడకూ కొన్ని ఆకులు మిగిలి ఉండాలి. మరీ మొదలంటా కోస్తే గోధుమరంగు ముదురు కాడ చిగురించదు. కోశాక రెండు రోజులు నీళ్లు ఆపాలి, ఎందుకంటే తాగడానికి అంత ఆకు ఉండదు. మూడు వారాల్లో మళ్లీ పూలు. రోహిణి కార్తెలో మాత్రం కోయను. ఆకుల నీడ లేని మట్టి ఆ ఎండకు ఉడికిపోతుంది. మృగశిర వచ్చి ఒక జల్లు పడ్డాక కోస్తాను.

పురుగుల్లో మొదటిది పిండినల్లి. కణుపుల దగ్గర దూది అంటినట్టు ఉంటుంది. చీమలు వరసగా ఎక్కుతుంటే నల్లి ఉన్నట్టే, వెతకాలి. తక్కువగా ఉంటే పైపు నీళ్లతో గట్టిగా కొట్టి కడిగితే పోతుంది. ఎక్కువైతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల లిక్విడ్ సోపు ముందు కలిపి నురుగెత్తేదాకా గిలకొట్టి, సాయంత్రం ఎండ పోయాక చల్లాలి, వారం విడిచి ఇంకోసారి. పగలు చల్లితే ఆకు మాడుతుంది. వేళ్లకు పట్టే పిండినల్లి ఇంకో రకం. పైకి ఏమీ కనపడదు, మొక్క ఎదగదు, ఊడబెరికితే వేళ్ల మధ్య తెల్లపొడి. దానికి మందు వెతుక్కోవడం దండగ. పై చివర్లు తుంచి కడిగి కొత్త మట్టిలో నాటుకుని, పాత మట్టి పారెయ్యాలి.

ఆకులు కొరికేసినట్టు, కాడలు మోడులా కనిపిస్తే గొంగళిపురుగు. ఒంటినిండా కొమ్మలున్న ముళ్లతో నల్లగా ఉండేది హైపోలిమ్నాస్ మిసిప్పస్ అనే సీతాకోకచిలుకది, పోర్చులాకా జాతులంటే దానికి ప్రాణం. మగది నల్లరెక్కల మీద పెద్ద తెల్లమచ్చలతో ఉంటుంది. ఆడది మాత్రం పక్షులు నోట పెట్టని జిల్లేడు సీతాకోకచిలుక వేషం వేసుకుని తిరుగుతుంది. దీన్ని చంపాలనిపించక నేను చేసేది ఒకటే. కుండీల్లో కలుపుగా మొలిచే గంగపాయలాకు పీకెయ్యకుండా ఒక పాత తొట్టిలోకి మార్చి పెంచుతాను. కనిపించిన పురుగుల్ని పుల్లతో ఎత్తి అందులో వేస్తాను. పురుగులకు మిగిలింది పప్పులోకి. అన్నట్టు, మందు చల్లిన కుండీలో మొలిచిన గంగపాయలాకు వండుకోకండి.

ఇక వానలు. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చిన రోజుల్లో ఆరుబయట వదిలిన కుండీల్లో ఒక్కటీ మిగల్లేదు. 2023 డిసెంబరు మొదటివారంలో మిచౌంగ్ తుపానుకు సన్‌షేడ్ కిందికి జరిపినవి మిగిలాయి. మట్టి అదే, మొక్కలూ అవే రకాలు. అప్పటినుంచి దసరా లోపు, అంటే చిత్త కార్తె వానలు పట్టకముందే, నాలుగు పనులు పూర్తి చేస్తాను. ప్రతి రంగులో ఆరేసి కొమ్మలు తుంచి చిన్న గ్లాసుల్లో నాటడం. వీటికి మట్టిలో సగానికి పైగా ఇసుకే. పెద్ద కుండీలను సగానికి కోసెయ్యడం. ఎరువులన్నీ ఆపడం. గోడవారగా, వాన జల్లు పడనిచోటుకు కుండీలు చేర్చడం. చోటు లేకపోతే మందపాటి తెల్ల పాలిథిన్ షీటును ఏటవాలుగా కట్టాలి. కుండీలకు రెండడుగుల ఎత్తులో, నాలుగు పక్కలా గాలి ఆడేటట్టు ఉండాలి. నేరుగా మొక్కల మీద కప్పితే లోపల ఆవిరి పట్టి, వాన చేసే పనే అదీ చేస్తుంది. అల్పపీడనం అన్న వార్త వినగానే నీళ్లు పొయ్యడం మానెయ్యాలి. గాలిలో తడి ఉన్న ఆ రోజుల్లో పదిరోజులు పొయ్యకపోయినా మొక్కకు ఏమీ కాదు.

కుళ్లు మొదలైతే ఇలా తెలుస్తుంది. కాడ మొదట్లో పచ్చదనం పోయి అద్దంలా అవతలి వెలుతురు కనపడుతుంది. నొక్కితే నీరు కారుతుంది, మర్నాటికి నల్లబడి వాసన వేస్తుంది. పైన ఆకులు ఇంకా బాగానే ఉంటాయి కాబట్టి చాలామంది మూడోరోజుకు గాని గమనించరు. గమనించిన వెంటనే పైనుంచి కిందికి బ్లేడుతో అంగుళం అంగుళం కోస్తూ రావాలి. కోసిన ముఖం లేతపచ్చగా, శుభ్రంగా ఉన్నంతవరకు బతికిన భాగం. మధ్యలో గోధుమ చుక్క కనిపించినా ఇంకా పైకి కొయ్యాలి. ప్రతి కోతకూ బ్లేడును స్పిరిటుతో తుడవాలి. రెండు అంగుళాల చివర మిగిలినా చాలు. గాలి తగిలేచోట ఒక రోజు ఆరబెట్టి, ఉత్త ఇసుకలో గుచ్చి, మూడు రోజుల దాకా తడి చూపించకూడదు. వానాకాలం వేరు పట్టడానికి పదిహేను, ఇరవై రోజులు పడుతుంది. ఇలా తీసినవాటిలో నాకు సగం దక్కుతాయి.

నవంబరు, డిసెంబరుల్లో పువ్వు రాదు, ఆకు కూడా దిగాలుగా ఉంటుంది. అది మామూలే. సంక్రాంతి దాటి ఎండ నిలకడగా కాశాక గ్లాసుల్లో దాచిన కొమ్మల్ని పెద్ద కుండీల్లోకి మార్చాలి. పాత మట్టి పారెయ్యక్కర్లేదు, వేరునల్లి గాని కుళ్లు గాని తగలనిదైతేనే. మిద్దె మీద పట్టా పరిచి రెండంగుళాల మందాన పోసి, నల్ల పాలిథిన్ కప్పి వారం పదిరోజులు ఎండబెట్టి, మూడింట ఒక వంతు కొత్త ఇసుక, ఒక వంతు దిబ్బెరువు కలుపుకుంటే చాలు. కుళ్లిన మొక్కలున్న మట్టిని మాత్రం కొబ్బరిచెట్టు పాదులో వేసెయ్యండి, మళ్లీ ఈ కుండీల్లోకి తేవద్దు.